మామకు హారన్ కొడ్తరా ఎవలన్న?

అవ్వ పోయి నెల దాటాక, ఆమె సామాను సర్దడానికి ఊరికి పోయాం. పశువుల కొట్టంలో గోనె సంచుల కింద నుంచి మా తమ్ముడి కొడుకు సాయి ఒక హారన్ బయటికి లాగాడు. చేత్తో నొక్కే రబ్బరు బుడ్డ, దానికి ఇత్తడి గొట్టం. గొట్టం చిలుము పట్టిపోయింది. రబ్బరు మాత్రం కొంచెం బిగిసింది తప్ప ఎక్కడా వేళ్లు పడి అరిగిన జాడ లేదు. సాయి గట్టిగా నొక్కితే అది దూడలాగా అరిచింది. "అత్తా, ఇది నాయనమ్మ ట్రాలీదేనా? ముప్పయ్యేండ్లు నడిపింది గద, కొత్తదాని తీర్గ ఉన్నది చూడు" అన్నాడు. వాడి కారు హారన్ మూడేళ్లలో రెండుసార్లు మార్పించుకున్నాడు కాబట్టి వాడికి ఆశ్చర్యంగానే ఉంటుంది. నేను ఆ హారన్‌ను ఒళ్లో పెట్టుకుని కొట్టం గడప మీద కూర్చున్నాను. దానికి ఇంకా కొత్తిమీర వాసన, పెట్రోలు వాసన కలిసి వస్తున్నట్టే అనిపించింది. నిజంగా వచ్చిందో, నా ముక్కే కల్పించుకుందో చెప్పలేను.

అవ్వ అంటే మా అమ్మ. మా వైపు తల్లిని అలాగే పిలుస్తాం. చిన్న మంగళారానికి అవతల ఉన్న మా పల్లెలో ట్రాలీ ఆటో నడిపిన మొదటి ఆడమనిషి ఆమె. ఆ మాట ఇప్పుడు చెబితే విన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఆమె ఎలా నడిపిందో కూడా చెబితే మాత్రం చప్పట్లు మధ్యలోనే ఆగిపోతాయి. అందుకే మొత్తం చెప్పాలి.

ట్రాలీ కొన్నది మా బాపు, అంటే నాన్న. తెల్లారకముందే అవ్వ, బాపు, తాత ముగ్గురూ బావి దగ్గర కొత్తిమీర కట్టలు కడిగేవాళ్లు. తడి గోనె సంచులు పరిచి, వాటి మీద పాలకూర, ఆ పైన కొత్తిమీర, పక్కన టమాటా బుట్టలు పేర్చేవాళ్లు. చేవెళ్ల మార్కెట్‌కు ఎండ ఎక్కకముందు చేరాలి. బాపు మంచివాడు, ఇంట్లో పిల్లి మీద కూడా గొంతు లేపడు. కానీ హ్యాండిల్ చేతికి వచ్చిందంటే వేరే మనిషి. ఎవరైనా తనను దాటిపోతే మన ఇంటి గోడ దూకి పోయినట్టే మండిపడేవాడు. "వీడెవడు నన్ను దాటెటోడు?" అని వెంటపడేవాడు. ఒకరోజు ఒక లారీ బురద చిమ్మి పోయిందని దాని వెనక పడి, చేవెళ్ల వచ్చిందీ చూసుకోలేదు, మార్కెట్ దాటిందీ చూసుకోలేదు, ఏకంగా వికారాబాద్ పోయాడు. అక్కడ లారీ డ్రైవర్ దిగి, "ఏందన్నా, ఏమైంది, గంత దూరం నుంచి వస్తున్నవ్?" అని మర్యాదగా అడిగేసరికి బాపు, "ఏం లే. టమాటలు గావాల్నా?" అన్నాడట. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ట్రాలీ అడుగు నుంచి టమాటా రసం చుక్కలు చుక్కలుగా కారుతోంది.

మరునాడు పొద్దున తాత, అంటే బాపు తండ్రి, తాళం చెవి తీసుకుని వంటింటి గడప మీద పెట్టాడు. మా తాత కోడలితో నేరుగా మాట్లాడడు. కోడలూ ఆయన ముందు నెత్తిమీద కొంగు తీయదు, గొంతు పైకి రానివ్వదు. అప్పటి ఇళ్లల్లో అది కట్టుబాటు. తాత దూలం వైపు చూస్తూ, "ఈ ఇంట్ల కోపం లేనోళ్లు ఎవలన్న ఉంటే బండి వాళ్లు నడుపుండ్రి" అన్నాడు. వంటింట్లో ఉన్నది అవ్వ ఒక్కతే. ఆమె పిండి చేతులు కడుక్కుని, తాళం చెవి తీసి కొంగుకు ముడి వేసుకుంది. బాపు నాలుగు రోజులు పక్కన కూర్చుని అరిచి అరిచి నేర్పాడు. అవ్వ అన్నీ శ్రద్ధగా విని, ఒక్కొక్కటీ దానికి ఉల్టా చేసింది. అందుకే బాగా నేర్చుకుంది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఊరి నడుమ కచ్చీరు ఉంటుంది, పెద్దమనుషులు కూర్చునే అరుగు. దాని ముందు నుంచి ఇంటి కోడళ్లు చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్లు. మొదటిరోజు అవ్వ ట్రాలీతో కచ్చీరు దాకా వచ్చి, ఇంజను ఆపి, దిగి, చెప్పులు విప్పి, కొంగు నుదుటి దాకా లాక్కుని, నిండు టమాటా బుట్టలున్న ఆ బండిని చేతులతో తోసుకుంటూ పెద్దల ముందు నుంచి దాటించింది. అవతల మలుపు తిరిగాక మళ్లీ ఎక్కి స్టార్ట్ చేసింది. మూడోరోజుకు కచ్చీరులో ఉన్న ముసలివాళ్లకే సిగ్గేసింది. "గా బరువు తోసుడు చూస్తుంటే మాకు నడుములు నొస్తున్నయ్ బిడ్డా, ఎక్కి పో" అని కబురు పంపారు. అవ్వ ఒప్పుకోలేదు. చివరికి వాళ్లే దారికొచ్చి, ఆమె బండి చప్పుడు వినగానే లేచి లోపలికి పోవడం మొదలుపెట్టారు. ఊళ్లో పెద్దమనుషులందరూ రోజూ ఒకే గడియకు గోడ చాటుకు పోవడం చూసి కొత్తవాళ్లు ఏదో పూజ అనుకునేవాళ్లు.

రోడ్డు మీద కూడా ఆమెకు ఉన్నది ఒక్కటే రూలు, వరస. మా చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి మనిషికీ ప్రతి మనిషీ ఏదో ఒకటి అవుతాడు. మరిది వరస వాడు సైకిల్ మీద పోతుంటే అవ్వ ధైర్యంగా దాటేది, ఒక్కసారి హారన్ కూడా నొక్కేది. మరిదిని ఆట పట్టించవచ్చు కాబట్టి. ఆ హారన్ మోగిన సందర్భాలు అవే. వదిన వరస ఆమె నడిచిపోతుంటే పక్కనే నడక వేగంతో నడుపుతూ మంచీ చెడూ అడిగేది. మామ వరస, పెద్ద బావ వరస వాళ్లు ముందుంటే మాత్రం ఎంత దూరమైనా వెనకే. మరి వరస తెలియని వాళ్లో? ఆ సందేహం నాకే వచ్చి ఒకరోజు అడిగాను. "తెల్వనోడు గూడ ఎవలికో ఒకలికి మామనే గద బిడ్డా" అంది. ఇంక ఆ మాట తర్వాత ప్రపంచంలో ఆమె దాటగలిగిన బండి ఏదీ మిగల్లేదు.

అందరికంటే ఎక్కువ నలిగిపోయినవాడు మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న, అవ్వకు పెద్ద బావ. ఆయనకు ఒక మోపెడ్ ఉండేది. దాన్ని ఆయన కోడెదూడను నడిపించినట్టు భయంభయంగా నడిపేవాడు. ఆయన ముందుంటే అవ్వ ఆయన వెనక. ఇద్దరూ నేరుగా మాట్లాడుకోరు కాబట్టి మధ్యలో నేను. "బిడ్డా, మీ అవ్వను ముంగట పొమ్మను, ఎనక నుంచి గా ఇంజను సప్పుడుకు నా పానం పోతున్నది" అని పెద్దబాపు. నేను ట్రాలీ దగ్గరికి పరుగెత్తి చెబితే, "ఆయన ముంగట ఉండంగ నేనెట్ల పోత? నువ్వే చెప్పు" అని అవ్వ. సరే, ఆమె పోయాక బయలుదేరుదామని పెద్దబాపు ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు. అది ఇంకా పెద్ద తప్పైంది. వెనక ఆయన మోపెడ్ అద్దంలో కనిపించగానే, పెద్ద బావకు వీపు పెట్టి కూర్చున్నానే అని అవ్వ బండి పక్కకు ఆపి దిగి నిలబడింది. ఆయన దాటాడు. ఆమె మళ్లీ ఎక్కి ఆయన వెనక చేరింది. ఆ తర్వాత పెద్దబాపు మార్కెట్ రోజుల్లో బస్సెక్కడం అలవాటు చేసుకున్నాడు.

లైసెన్సు పరీక్షకు పోయినప్పుడు కూడా అంతే. పరీక్ష పెట్టే ఆఫీసరు పక్కన నిలబడి, "నీ ముందర ఒక బండి మెల్లగ పోతున్నది. నువ్వేం చేస్తవమ్మా?" అని అడిగాడు. "ఎవలిది సార్?" అంది అవ్వ. "ఎవరిదైతే ఏంది?" "మనిషిని బట్టి ఉంటది గద సార్." ఆయన కాసేపు ఆలోచించి, "సరే, నాదే అనుకో" అన్నాడు. అవ్వ వెంటనే చెప్పులు విప్పి, కొంగు సర్దుకుని, "అయితే మీ ఎన్కనే వస్త సార్" అంది. ఆయన కాగితం మీద సంతకం పెడుతూ, ఇంతమందిని చూశాను, ఎవరినీ గుద్దదని నాకు గట్టి నమ్మకం కుదిరింది ఈమె మీదనే అని బాపుతో అన్నాడట.

అప్పట్లో ఇవన్నీ నాకు నవ్వులాటే. నా పదో తరగతి లెక్కల పరీక్ష రోజు వచ్చేదాకా.

మా ఊరి నుంచి పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. పరీక్ష కేంద్రం చేవెళ్లలో. ఒక్క పేపరు తప్పినా చదువు బంద్, తెల్లారి నుంచి కూలికి నాట్లకు రావాలని బాపు ముందే చెప్పాడు. కోపంతో చెప్పలేదు, ఆయనకు తెలిసిన లోకం అది. అవ్వ మాత్రం ఆ సంవత్సరమంతా నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. కొత్తిమీర కడగనివ్వలేదు. లాంతరు గ్లాసు తానే తుడిచి పెట్టేది. లెక్కల పరీక్ష రోజు కూరగాయలు వేయకుండా, ట్రాలీని కడిగి, హ్యాండిల్‌కు పసుపు కుంకుమ పెట్టి, నన్ను పక్కన ఇరికించుకుని బయలుదేరింది. పరీక్ష తొమ్మిదికి. మేం ఊరి బాట దాటి చేవెళ్ల రోడ్డెక్కేసరికి ఎనిమిది. ఎంత మెల్లగా పోయినా అరగంటలో చేరతాం.

చేవెళ్లకు ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా, ముందు ఎడ్లబండి కనిపించింది. ఎర్ర ఎద్దు, తెల్ల ఎద్దు. బండి మీద తెల్ల రుమాలు చుట్టుకున్న తల.

"అవ్వా, తాత బండి" అన్నాను.

"చూసిన" అంది. అప్పటికే బండి ఫస్ట్ గేరులోకి వచ్చింది.

తాత ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కోడి కూయగానే బయలుదేరాడని తర్వాత తెలిసింది. లెక్కలు చేస్తే తల వేడెక్కుతుందని ఆయన నమ్మకం. పరీక్ష అయిపోగానే నాకు తాగించాలని కుండ నిండా సల్ల, అంటే మజ్జిగ, పట్టుకుని, బడి గేటు దగ్గర ముందే నిలబడదామని పోతున్నాడు. నా మీద ప్రేమతోనే నా పరీక్షకు అడ్డం పడ్డాడు.

"దాటిపో అవ్వా. రోడ్డు మొత్తం ఖాళీగ ఉన్నది."

అవ్వ నా వైపు చూసిన చూపు, నేనేదో బూతు మాట అన్నట్టు ఉంది. "మామను దాటుడా?"

"పోనీ హారన్ అన్న కొట్టు."

"మామకు హారన్ కొడ్తరా ఎవలన్న? పేరు వెట్టి పిలిచినట్టు గాదా?"

"పరీక్ష తొమ్మిదింటికి!"

"తెలుసు బిడ్డా" అంది. "నువ్వు సదువాలె. నాకు గంతకంటె ఏం వద్దు. గానీ మామను దాటిన కోడలి బిడ్డవై సదువుతవా?" అని, ఏడుపు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒంటి చేత్తో బండి నడిపింది. అంత మెల్లగా పోయే బండికి ఒక చెయ్యి చాలు.

మా పక్క నుంచి సైకిళ్లు పోయాయి. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఒకామె నడిచి దాటి పోయింది. బస్సు పోయింది, అందులో నా క్లాసు పిల్లలు కిటికీల్లో నుంచి, "ఏందే, ఊరేగింపా?" అని అరిచారు. ఆ బస్సు పోతే మళ్లీ గంట దాకా బస్సు లేదు. నేను దిగి బండి ముందుకు పరుగెత్తాను. తాత చెమటలు కక్కుతూ, జన్మలో ఎన్నడూ లేనిది, ఎడ్లను చెర్నాకోలతో కొడుతున్నాడు.

"తాతా, జర పక్కకు ఆపు, మేం పోవాలె!"

"ఆపితే మీ అవ్వ గూడ ఆపుతది బిడ్డా. నిరుడు ఒకపారి ఆపి చూసిన. పొద్దెక్కేదాంక ఇద్దరం నిలవడ్డం. నేను బీడీలు తాగిన, ఆమె ట్రాలీల కూసోని కొత్తిమీర ఏరుకున్నది. అందుకే ఆపకుంట కొడుతున్న. ఈ ఎర్రోడు జర కాలు లేపితే నువ్వు టైముకు చేరుతవ్."

నాకు అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడవాలనిపించింది. ముందు తాత నా కోసమే ఎడ్లను కొడుతున్నాడు. వెనక అవ్వ నా కోసమే ఏడుస్తోంది. ఇద్దరూ కలిసి నన్ను నా పరీక్షకు గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో తీసుకుపోతున్నారు. "నా సదువు పాయె తాతా" అన్నాను. ఆ మాటకు తాత చెయ్యి ఆగిపోయింది. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆయన తల తిరగగానే అవ్వ కొంగు ముఖం మీదికి లాక్కుని బ్రేకు వేసింది. తాత నన్ను చూశాడు, రోడ్డును చూశాడు, రోడ్డు పక్కన విరగబూసిన చామంతి తోటను చూశాడు. ఆ తోట వరసకు ఆయన బావమరిదిది.

"నాకు జర పని వడ్డది" అన్నాడు తాత, వెనక ట్రాలీకి వినపడేటంత గట్టిగా.

"ఏం పని తాతా?"

"నీకెందుకే?" అని గద్దించి, పగ్గాలు లాగి, ఎడ్లను బండితో సహా చామంతి తోటలోకి తోలాడు. పూలు చక్రాల కింద నలిగాయి. ఆయన దిగి, నాలుగు సాళ్లు దాటి, రోడ్డుకు వీపు పెట్టి, రుమాలు నెత్తిమీదికి లాక్కుని కూర్చున్నాడు. చెంబు పట్టుకుని పోయినవాళ్లు ఎలా కూర్చుంటారో అలా. రుమాలు చుట్టకుండా గడప దాటని మనిషి, మనవరాలి ముందు దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి, పట్టపగలు నడిరోడ్డు పక్కన పూల మధ్య అలా కూర్చున్నాడు. ఆ స్థితిలో ఉన్న మగవాణ్ని ఆడమనిషి చూడకూడదు, చూడనట్టే దాటిపోవాలి. అది కూడా కట్టుబాటే.

నేను వెనక్కి పరుగెత్తి ట్రాలీ ఎక్కాను. అవ్వ చెప్పులు విప్పి ట్రాలీలో పెట్టింది. తల అటువైపు తిప్పుకుని, ఎడ్లబండి నడిచిన దానికంటే మెల్లగా, తాతను దాటింది. మలుపు తిరిగాక మాత్రం నేను ఆ ట్రాలీకి ఇంకో రెండు గేర్లు ఉన్నాయని మొదటిసారి తెలుసుకున్నాను. బడి గేటు దగ్గరికి చేరేసరికి గంట కొట్టేశారు. తలుపు దగ్గర నిలబడ్డ సారు గడియారం చూపించి, "ఎందుకు లేటైంది?" అన్నాడు.

"మా తాత ముంగట ఉండె సార్."

"ఏ తాత? అవ్వ దిక్కా, బాపు దిక్కా?"

"బాపు వాళ్ల బాపు సార్. మా అవ్వ బండి నడిపింది."

"అయితే ఎట్ల దాటుతది మరి" అని ఆ సారు తనలో తాను అనుకుని, పక్కకు జరిగి నన్ను లోపలికి పంపాడు. అత్తెసరు మార్కులతో పాసయ్యాను. ఆ మార్కులతోనే ముందుకు చదివి, లెక్కల టీచరునయ్యాను.

ఆ మధ్యాహ్నం తాత గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. సల్ల పులిసిపోయింది. ఎర్ర ఎద్దు కొమ్ముకు చామంతి పువ్వు ఒకటి ఇరుక్కుని ఉంది. తోట పాడుచేసినందుకు తాత మూడు రోజులు పోయి ఆ మొక్కలకు మళ్లీ మట్టి ఎగదోసి, నీళ్లు కట్టి వచ్చాడు. ఆ బావమరిది మాత్రం బతికినన్నాళ్లూ ఎక్కడ కనిపించినా, "ఏం బావా, పని వడ్డదా?" అని అడిగేవాడు. తాత నవ్వేవాడు తప్ప అసలు సంగతి చెప్పలేదు. అవ్వా, ఆయనా ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఆయన పోయేదాకా ఆయన జొన్న రొట్టె మీద అవ్వ పెట్టే వెన్న ముద్ద మాత్రం రెండింతలు ఉండేది. పెద్దబాపు ఒక్కడు అది గమనించి, "మా రొట్టెల మీద ఎందుకు పెరగలే?" అని నన్ను అడిగితే, జరిగిందంతా ఆయనకు చెప్పాను. ఆయన విని చాలాసేపు మీసం సవరించుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ రోడ్డు మీద చామంతి తోట లేదు. ఫామ్‌హౌసుల ప్రహరీ గోడలు, ప్లాట్ల బోర్డులు, ఆదివారం వస్తే పట్నం నుంచి ఒకదాని వెనక ఒకటి కార్లు. ఈ రోడ్డు మీది హిమాయత్‌నగర్ ఊరి దగ్గర షేర్ ఆటోలు మనుషులను ఎక్కించుకోవడానికి ఆగితే, వెనకవాళ్లు హారన్ మీద పెట్టిన చెయ్యి తీయరు. నన్నేమో మంచిదాన్ని అనుకునేరు. యాభై ఏళ్లు దాటాక మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకుని, కారు కొనుక్కుని, అది నేర్చుకున్నాక తెలిసింది, నేను బాపు కూతుర్నని. ఎవరైనా దాటితే నా నోట్లో నుంచి వచ్చే మాటలు నా విద్యార్థులు వింటే బడి మానేస్తారు. బాపు పోయాక, చివరి ఏళ్లలో అవ్వ నా పక్క సీట్లో కూర్చునేది. సీటు బెల్టు ఆమెకు తెగ నచ్చింది, కొంగు జారకుండా పట్టుకుంటుందని. నేను ఎవరి మీదనైనా విరుచుకుపడితే, "ఎవలాయన?" అని అడిగేది. "నాకేం తెలుసు?" అనేదాన్ని. "తెల్వకుంటె ఆగు మరి" అనేది. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆమె పద్ధతి పిచ్చిదేనని నేను ఇప్పటికీ అంటాను. కచ్చీరు ముందు అంత బరువు ఒక ఆడమనిషి తోసుకుంటూ పోవడంలో గౌరవం కంటే భయం పాలు ఎంతో నేను లెక్క వేయలేను, లెక్కల టీచరునై కూడా. కానీ ముప్పయ్యేళ్లలో ఆమె బండి ఒక కోడిపిల్లకు కూడా తగల్లేదు. సాయి కారుకు మూడేళ్లలో మూడు బంపర్లు పోయాయి. నాకు ఆమె మీద ఉన్న కోపం, ఆమె లేని బెంగ రెండూ ఒకేసారి వస్తాయి.

అవ్వ నా ఇంట్లోనే, పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ పోయింది. ఊరికి తీసుకుపోవడానికి ఒక వ్యాను మాట్లాడాం. డ్రైవర్ దొంతన్‌పల్లి దిక్కు కుర్రవాడు. నేను అతని పక్కన కూర్చున్నాను, వెనక అవ్వ. చుట్టాల కార్లు మా వెనక. ఆదివారం కావడంతో వాటి మధ్యలో పట్నం కార్లు కూడా చేరాయి. చేవెళ్ల రోడ్డు నుంచి మా ఊరి బాటలోకి తిరగగానే, ముందు పెద్దబాపు కనిపించాడు. తొంభై ఏళ్ల మనిషి. మోపెడ్ తోలలేక మనవళ్లు ఇప్పించిన మూడు చక్రాల బ్యాటరీ బండి మీద, మరదలిని ఊళ్లోకి తోలుకుపోదామని మూలమలుపు దాకా ఎదురొచ్చాడు. మమ్మల్ని చూసి బండి తిప్పి ముందు నడిచాడు. ఆ బండి మనిషి నడక కంటే కొంచెం మెల్లగా పోతుంది.

డ్రైవర్ హారన్ మీద చెయ్యి వేయబోతే నేను పట్టుకున్నాను. "కొట్టకు తమ్మీ. ఆయన మా అవ్వకు పెద్ద బావ."

అతను అద్దంలో వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు. "మరెట్లమ్మా?"

"ఎన్కనే పోవుడు."

అలా పోయాం. వెనక కార్ల హారన్లు మొదలయ్యాయి. సాయి తన కారు దిగి పరుగెత్తుకొచ్చి, "అత్తా, పొద్దు పోతున్నది, తాతను పక్కకు ఆగమని చెప్పనా?" అన్నాడు. "ఆయన ఆగితే మనం గూడ ఆగాలె" అన్నాను. వాడు నా ముఖంలోకి చూసి, నాకు మతి పోయిందనుకుని వెళ్లిపోయాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆమెను ఆ ఒక్కరోజు, ఆమె మాట చెప్పుకోలేని రోజు, ఆయనను దాటించి తీసుకుపోవడానికి నాకు చేతులు రాలేదు.

కొంత దూరం పోయాక పెద్దబాపు బండి ఆగింది. మేం ఆగాం. మా వెనక అందరూ ఆగారు. ఆయన కర్ర ఊతంతో మెల్లగా దిగాడు. మా వైపు చూడలేదు. "నాకు జర పని వడ్డది" అన్నాడు గట్టిగా. రోడ్డు దిగి, ప్లాట్ల ప్రహరీ గోడ దగ్గరికి పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. గోడ మీద ప్లాట్లు అమ్మబడును అని ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. వాటిని చదువుతున్నట్టు తల పైకెత్తాడు. పెద్దబాపుకు చదువు రాదు.

నేను చెప్పులు విప్పాను. డ్రైవర్ నా కాళ్ల వైపు ఒకసారి చూసి, తనూ విప్పేశాడు. హారన్ కొట్టకుండా, ఫస్ట్ గేరులో, అవ్వ ఆయనను దాటింది. వ్యాను పూర్తిగా పోయేదాకా పెద్దబాపు ఆ గోడ చదువుతూనే ఉన్నాడు.